చుట్టరికాల పుస్తకం

“ఆ కళ్లద్దాలాయన నా రిపోర్టు తొక్కేస్తాడు. చూస్తూ ఉండు, శనివారం కమిటీ కూర్చునే వేళకి దాని ఆనవాలు కూడా ఉండదు.”

పాప నోట్లో చెంచా పెట్టబోతున్న భర్త చెయ్యి గాల్లోనే ఆగింది. “ఏ కళ్లద్దాలాయన? కొట్టు ఆయనా, సంఘం ఆయనా?”

“ఇద్దరూ ఒకడే కదా!”

“అయితే నీ పని అయిపోయినట్టే. కళ్లూ ఆయన చేతిలోనే, విజిలూ ఆయన చేతిలోనే.”

ఆమెకి నవ్వు రాలేదు. వారమంతా నీళ్ల పరీక్షల ల్యాబులో సీసాలు ముందేసుకుని కూర్చునే మనిషి. ఆదివారం వస్తే నల్లచొక్కా తొడుక్కుని ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి రిఫరీగా వెళ్తుంది. రిఫరీల సంఘంలో అందరూ ఆమెని ల్యాబమ్మ అంటారు. ఏ మాట విన్నా రుజువేదని అడగడం ఆమెకి చదువుతో వచ్చిన అలవాటు. పాప పుట్టాక ఆ అలవాటు అనుమానంగా ముదిరింది. పాప ఒక్కసారి తుమ్మితే మూడు కారణాలు తడతాయి, మూడూ భయంకరమైనవే.

ఆదివారం జరిగింది ఇదీ. పదిహేడేళ్లలోపు అమ్మాయిల లీగ్‌లో కార్నర్ కిక్‌కి ఎగిరిన తొమ్మిదో నంబరు పిల్ల మోచెయ్యి నాలుగో నంబరు పిల్ల మూతికి తగిలింది. పెదవి చిట్లి రక్తం కారింది. ల్యాబమ్మ రెడ్ కార్డు చూపించింది. ఆ సాయంత్రం రిపోర్టులో “కావాలనే మోచేత్తో కొట్టింది” అని రాసింది. లీగ్ నిబంధనల్లో “కావాలనే” అన్న ఒక్క మాటకి చాలా బరువుంది. అది ఉంటే సీజన్ మొత్తం నిషేధం. లేకపోతే ఒళ్లు తెలియని ఆట కింద రెండు మ్యాచ్‌లతో సరి. పై జట్టు ఎంపికలు వచ్చే నెలలోనే. సీజన్ పోతే తొమ్మిదో నంబరుకి అవీ పోయినట్టే.

సోమవారం ఆ రిపోర్టు కవరులో పెట్టి సంఘం సెక్రటరీకి, అంటే ఆ కళ్లద్దాలాయనకే, ఇచ్చింది. బుధవారం లీగ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే “మాకేమీ రాలేదండీ” అన్నారు. అంతకుముందు రోజే బస్సు కిటికీలోంచి ఇంకొకటి చూసింది. కళ్లద్దాల కొట్టులో సెక్రటరీ, తొమ్మిదో నంబరు జట్టు కోచ్ గడ్డం పట్టుకుని, మొహంలో మొహం పెట్టి ఏదో గొణుగుతున్నాడు. ఇంకేం కావాలి?

సెక్రటరీకి అరవై దాటాయి. ఇరవై రెండేళ్లు మైదానంలో పరిగెత్తాడు. “కళ్లద్దాలు పెట్టుకోవయ్యా రిఫరీ!” అని జనం అరిస్తే, పరుగు ఆపకుండానే “కొట్టు బస్టాండు ఎదురుగానే, ఆదివారం సెలవు” అని బదులిచ్చేవాడట. మోకాలు మొండికేశాక సెక్రటరీ పని నెత్తిన పడింది. పద్నాలుగేళ్లుగా ప్రతి సమావేశంలో “ఈసారి ఎవరైనా తీసుకోండయ్యా” అని బతిమాలతాడు. నలభై ముగ్గురు సభ్యులూ ఒక్కసారిగా ఫ్యాను వంక చూస్తారు. గురువారం సాయంత్రం కొట్టు వెనక గదిలో, కంటిపరీక్ష అక్షరాల పటం కింద కూర్చుని ఆదివారం మ్యాచ్‌లు పంచుతాడు. ఎవరికి జ్వరం, ఎవరి బండి షెడ్డులో ఉంది, ఏ లైన్ రిఫరీకి ఎవరితో మాటల్లేవు, అన్నీ ఆయనకి నోటికే.

చుట్టరికాలు మాత్రం నోటికి వదలడు. వాటికి నీలం అట్ట పుస్తకం ఒకటుంది. సభ్యుడికో పేజీ. ఏ జట్టులో ఎవరు తమకి ఏమవుతారో ఎవరికి వాళ్లు రాసి సంతకం పెట్టాలి. మేనల్లుడు, ఆడపడుచు కొడుకు, వియ్యంకుడి తమ్ముడు, ఎవరూ మిగలకూడదు. సభ్యులు దాన్ని పెళ్లి సంబంధాల పుస్తకం అని ఎగతాళి చేస్తారు. ల్యాబమ్మకి మాత్రం అది మొదటినుంచీ నచ్చలేదు. అందరి గుట్టూ గుప్పిట్లో పెట్టుకోవడానికి కాకపోతే ఆ పుస్తకం దేనికి?

గురువారం అందరికంటే గంట ముందే వెళ్లింది. ముందు గదిలో సెక్రటరీ ఒక ముసలావిడకి ఫ్రేములు ఒక్కొక్కటే పెట్టి చూపిస్తున్నాడు. ఆవిడ ప్రతిదానికీ “ఇందులో మా అత్తగారిలా ఉన్నాను” అని తీసేస్తోంది. ల్యాబమ్మ వెనక గదిలోకి జారుకుని నీలం పుస్తకం తెరిచింది. సెక్రటరీ పేజీలో ఆ కోచ్ ఊసు లేకపోతే, అదే రుజువు.

అందరికీ ఒక్క పేజీ అయితే ఆయనకి మూడున్నాయి. మనవరాలి స్నేహితురాలు, పాలు పోసే ఆయన కూతురు, కొట్టు గది అద్దెకిచ్చిన యజమాని కొడుకు. రెండో పేజీ మధ్యలో ఉన్నాడు ఆ కోచ్. “తోడల్లుడి తమ్ముడు. వీళ్ల జట్టు మ్యాచ్‌లూ రిపోర్టులూ నేను ముట్టను.” కింద ఆరేళ్ల కిందటి తేదీ.

“తడి వేలితో తిప్పకమ్మా, సిరా అంటుకుంటుంది.”

గుమ్మంలో సెక్రటరీ. దొరికిపోయిన మనిషికి గొంతు పెద్దదవుతుంది కదా, ల్యాబమ్మకీ అలాగే అయింది. “మంగళవారం మీరూ కోచ్ గారూ ఏం మాట్లాడుకున్నారు? గడ్డం పట్టుకుని మరీ!”

“ముక్కు మీద అద్దాలు వంకరగా కూర్చుంటే గడ్డం కాక కాళ్లు పట్టుకోమంటావా?”

“మరి ఆ గొణుగుడు?”

“పళ్ల మధ్య స్క్రూ ఉందమ్మా. గట్టిగా మాట్లాడితే మింగేస్తాను.”

“నా రిపోర్టు ఏదండీ?”

“నేను కవరు కూడా విప్పలేదు. ఆ జట్టుదని తెలిసి సోమవారమే ఉపాధ్యక్షుడికి ఇచ్చేశాను. పంపేముందు ఆయన పుస్తకంలో నీ పేజీ చూశాడు. చూసి ఆగిపోయాడు. నువ్వు ఎలాగూ గురువారం వస్తావు, నిన్నే నేరుగా అడగమన్నాడు.”

ల్యాబమ్మ తన పేజీ తిప్పింది. “ఎవరూ లేరు” అన్న రెండు మాటలు, రెండేళ్ల నాటి సంతకం. “ఇందులో అబద్ధం ఏముంది? మా పుట్టింట్లోనూ అత్తింట్లోనూ బంతి ముట్టిన మనిషే లేడు.”

“పాప పగలంతా ఎవరి దగ్గర ఉంటుందమ్మా?”

“డేకేర్ అక్క దగ్గర.” మాట పూర్తవుతుండగానే ఆమెకి తట్టింది. నాలుగో నంబరు ఆ డేకేర్ అక్క కూతురే. బడి అయ్యాక పాపని చంకనెత్తుకుని తిప్పేది ఆ పిల్లే. తెలియక కాదు. అది రాయాల్సిన సంగతని ఏనాడూ తోచలేదు, అంతే. “కానీ అది చుట్టరికం కాదు కదండీ!”

“నా కొట్టు యజమాని కూడా నాకు చుట్టం కాదు,” అన్నాడు ఆయన స్టూలు లాక్కుంటూ. “ఒకసారి ఫైనల్లో ఆయన కొడుకు జట్టుకి పెనాల్టీ ఇచ్చాను. జనమంతా ‘ఈ నెల అద్దె చెల్లిపోయిందిరోయ్!’ అని ఒకటే కేకలు. ఆ పెనాల్టీ న్యాయమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. తప్పని తేలితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. అసలు తేలదే! బంతి చేతికి తగిలిందని నా కన్ను చూసిందో, తగిలితే బాగుండునని నా కడుపు చూసిందో.”

“అయితే రిపోర్టులో ఆ మాట మార్చమంటారా?”

ఆయన రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. “ఏ మాటో నాకు చెప్పకు. మార్చమనను, వద్దనీ అనను. ముందు నువ్వు ఎవరి మనిషివో చెప్పు. తర్వాత ఏం చూశావో చెప్పు. ఆ వరస తప్పితే చూసింది కూడా పాడైపోతుంది.”

“ఇదంతా మీ కోచ్‌ని గట్టెక్కించడానికి ఆడుతున్న నాటకం కావచ్చు కదా?” అనేసింది.

ఆయనకి కోపం రాలేదు. “కావచ్చు తల్లీ. నువ్వు అలా అనుమానించడానికి వీలుగానే నా పేజీలో రాసిపెట్టాను.”

ఆ రాత ఆమెకి ఊరటనివ్వలేదు, ఇంకాస్త అనుమానం తెచ్చింది, ఈసారి తన మీదే. బస్సులో కూర్చుని ఆ క్షణాన్ని ల్యాబులో సీసాని వెలుతురుకి పట్టినట్టు పట్టి చూసింది. పైన బంతి. లేస్తున్న మోచెయ్యి. చిట్లిన పెదవి. రోజూ తన పాప బుగ్గని ముద్దాడే పెదవి. ఇందులో “కావాలనే” ఎక్కడ కనిపించింది? అలా కొట్టి ఉండొచ్చు. కొట్టకపోయి ఉండొచ్చు. ల్యాబులో ఇలాంటిదానికి ఫలితం గడిలో ‘తేలలేదు’ అని రాస్తుంది. మైదానంలో మాత్రం సిగ్గులేకుండా తేల్చేసింది.

ఉపాధ్యక్షుడు బస్సు డిపోలో టైంకీపరు. శుక్రవారం భోజనాల వేళ అక్కడికే వెళ్లి, రిపోర్టుకి ఇంకో కాగితం జతచేసింది. నాలుగో నంబరు తల్లి దగ్గరే తన పాప పెరుగుతోందని మొదటి వాక్యం. మోచెయ్యి తగలడం చూశాను, ఉద్దేశం నాకు కనిపించలేదని రెండోది. ఆయన రెండుసార్లు చదివి, “ఇది పంపితే సోమవారం పాపని ఎక్కడ దింపుతావమ్మా?” అన్నాడు. అదే ప్రశ్న ఆమెకి ముందురోజు నుంచీ నిద్ర లేకుండా చేస్తోంది. “అక్కడే దింపుతానండీ. పంపండి,” అంది.

కమిటీ రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది.

సోమవారం డేకేర్ అక్క పాపని అందుకుంది గానీ ఈమె మొహం చూడలేదు. “మీకు మా పిల్ల రక్తం కనిపించింది, కొట్టినదాని బుద్ధి మాత్రం కనిపించలేదన్నమాట.”

“లేదక్కా. కనిపించలేదు.”

మూడు రోజులు ఇల్లు చేరగానే పాపని నఖశిఖపర్యంతం తడిమింది. గోళ్లు, మోచేతులు, పాలసీసా అడుగు, అన్నీ వెతికింది. “దాన్ని కూడా ల్యాబుకి తీసుకెళ్లు, చక్కగా సీసాలో పట్టి పరీక్ష చేద్దువు గాని,” అన్నాడు భర్త. ఏమీ దొరకలేదు. నాలుగో రోజు సాయంత్రం వెళ్లేసరికి గేటు దగ్గర పెదవి మీద కుట్లతో నాలుగో నంబరు, దాని చంకలో పాప. “ఆంటీ, ఇది నా కుట్లు పీకేస్తోంది, పట్టుకోండి,” అని ఇచ్చేసింది. అది క్షమించడమో, చేతులు నొప్పిపుట్టడమో ల్యాబమ్మ తేల్చుకోలేదు. తేలలేదనే వదిలేసింది.

తన పేజీలో “ఎవరూ లేరు” కొట్టేసి పదకొండు వరసలు రాసింది. సెక్రటరీ చదివి, “మందుల కొట్టు ఆయన్ని మర్చిపోయావు, ఆయన తమ్ముడు గోల్‌కీపరు,” అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు ఆయన మాట ఆమెకి మైదానం బయట కూడా పనికొస్తోంది. మొన్న పార్కులో జారుడుబల్ల దగ్గర, ఈమధ్యే నడక నేర్చిన పాపా ఇంకో పిల్లాడూ కిందపడి ఏడుపు లంకించుకున్నారు. ఆ పిల్లాడి తల్లి ఆయాసపడుతూ వచ్చింది. “ఎవరు తోశారు? మీరు చూశారా అండీ?”

“చూశానండీ. ముందు ఒక మాట, నేను ఈ ఎర్రగౌను పిల్ల అమ్మని.”

“సరే, చెప్పండి.”

“తోసింది మా పాపే.”