పథ్యం తప్పలేదు

తొంభైల మధ్యలో నా భార్యకు పచ్చకామెర్లు వచ్చాయి. పుంగనూరులో పసరు మందిచ్చే వైద్యుడి దగ్గరికి నేనే తీసుకుపోయాను. పదకొండు రోజులు ఉప్పు ముట్టకూడదు, నీళ్ళు మాత్రం బాగా తాగాలి అన్నాడు. ఆ రోజుల్లో మా వైపు కామెర్లంటే అదే వైద్యం.

మా అమ్మ గట్టిది. రోజూ సాయంత్రం జాడీలో ఉప్పును అరచేత్తో చదును చేసి, పైన వేలితో ఒక గీత గీసేది. పొద్దున చూస్తే గీత చెదరకుండా ఉండేది. నా భార్య వాంతులు చేసుకుంటూనే చప్పటి గంజి తాగింది.

"గోడ నాకినా దీనికంటే రుచిగా ఉంటాదేమో," అని ఒకనాడు నవ్వింది కూడా.

తొమ్మిదో రోజు మాట తడబడింది. నన్ను చూసి వాళ్ళ నాన్న అనుకుంది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. వైద్యుడు వచ్చి, కనురెప్ప ఎత్తి చూసి, వీధంతా వినేటట్టు అన్నాడు: "ఉప్పు తినుండాది. పథ్యం తప్పినోళ్ళకి నా మందు యాడ పని చేస్తాది?"

"జాడీలో గీత అట్లే ఉండాది సామీ," అన్నాను.

"ఇంట్లో లేకుంటే పక్కింట్లో. ఆడోళ్ళ నాలిక సంగతి నాకు తెలీదా?"

గీత గీసిన మా అమ్మే ఔనన్నట్టు తలాడించింది.

మదనపల్లె ఆసుపత్రికి బస్సులో చేర్చేసరికి ఆలస్యమైంది. "ఉప్పు లేక, నీళ్ళు ఎక్కువై, రక్తంలో సోడియం పడిపోయిందయ్యా," అన్నాడు డాక్టరు. మర్నాడు ఆమె పోయింది. దినాలకు వచ్చినవాళ్ళు మా ఇంటి అన్నం తింటూనే, ఉప్పుకు ఆశపడి చచ్చిందని చెప్పుకున్నారు.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మదనపల్లెలో పాత పుస్తకాల అంగట్లో రసాయన శాస్త్రం, శరీర శాస్త్రం కొని, అర్థమయ్యేదాకా చదివాను. సోడియం పరమాణువు తన చివరి ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చినదానికి ధనావేశం, పుచ్చుకున్నదానికి రుణావేశం. ఆ రెండింటి ఆకర్షణే బంధం, అదే మన ఉప్పుకల్లు. నీళ్ళలో పడితే విడిపోయి అయాన్లుగా తిరుగుతాయి. నరంలోకి సోడియం అయాన్లు దూసుకుపోతేనే మెదడు మాట చేతికి అందుతుంది. నెత్తుట్లో అవి మరీ పల్చబడితే నీళ్ళు మెదడు కణాల్లోకి చొరబడి ఉబ్బిస్తాయి. ఆమె నన్ను నాన్న అన్నది అందుకే. దొంగతిండి తిని కాదు.

దాదాపు పదేళ్ళకు, ఆ వైద్యుణ్ణి వాంతులు, బేదులతో కుప్పంలో ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది. మొదటి బస్సెక్కాను.

మంచం చుట్టూ కొడుకులు, కోడళ్ళు. పైన సెలైన్ సీసా.

"దాంట్లో ఏముండాదో తెలుసునా సామీ?"

"బలం మందంట."

"ఉప్పునీళ్ళు. పథ్యం తప్పుతాండావు."

పెద్దకొడుకు లేచాడు. "జబ్బు మనిషితో యాల ఇట్ల మాట్లాడతావు పెద్దాయనా?"

"సీసా మీద రాసుండాది, సదువుకో నాయనా."

చదివి కూర్చున్నాడు. అప్పటికి వైద్యుడు నన్ను గుర్తుపట్టాడు.

"నర్సమ్మను పిలుస్తా. ఇది తీసేయమని నీ నోటితో చెప్పు, నేను పోతా," అన్నాను.

వైద్యుడు సూది ఉన్న చేతిని దుప్పటి కిందికి జరుపుకున్నాడు.

"అట్లయితే నా పెండ్లాం ఉప్పు తినలేదని చెప్పు."

గోడ వైపు తిరిగి, "తినలేదులేప్పా," అన్నాడు.

వినపడలేదన్నాను. మళ్ళీ చెప్పాడు. పక్క మంచం దగ్గర పుంగనూరువాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకు వినపడలేదన్నాను. మూడోసారికి గొంతు పోయింది. నాకు జాలి కలగలేదు. నాలుగోసారి కూడా చెప్పించాను.