జీవమ్మ పేరు పక్కన ఏం వేయాలి

డోన్ సభ పుస్తకం కంపోజు చేస్తున్నప్పుడు మా ప్రెస్సులో చుక్కలు అయిపోయాయి. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు. బి.ఏ., బి.ఎల్., ఎం.ఏ., ఎల్.టి. అంటూ ఒక్కొక్క పెద్దమనిషి తన పేరు వెనక ఇన్నేసి చుక్కలు ఈడ్చుకొని వచ్చాడు. ఆరో ఆయన దగ్గరికి వచ్చేసరికి గడి ఖాళీ. చివరికి పాత పెండ్లిపత్రిక ఒకటి విప్పి, వధూవరుల చుక్కలు తీసి పెద్దమనుషులకు తగిలించాను.

నా పేరు ఇమాం బాషా. 1937లో కర్నూలులో ఒక చిన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని నాది. ఆ సభ సంగతి చెబితే నా ఉద్యోగం పోయిన సంగతి కూడా చెప్పాలి కాబట్టి అది ముందే చెప్పేస్తాను. పోయింది. సభ అయిన మూడో రోజే, ఒకే ఒక్క వరుస అచ్చు వేసినందుకు పోయింది. నా మీద ఎవరూ జాలిపడనక్కరలేదు. ఈ కథ నాది కాదు, జీవమ్మది.

జిల్లా సహకార సంఘాల వాళ్ళు ఆ ఏడు డోన్‌లో మహాసభ పెట్టారు. రైతుల అప్పులు, ధాన్యపు నిల్వలు, బ్యాంకులు, వీటి మీద ఉపన్యాసాలు. మాట్లాడే నిపుణులు ఎనిమిది మంది. వాళ్ళు ఏం చదివారో, ఎక్కడెక్కడ ఏ కుర్చీల్లో కూర్చున్నారో అంతా పుస్తకంలో వేయాలి. ఒకాయన మద్రాసులో బ్యాంకు ఏజెంటుగా చేసి పింఛను తీసుకుంటున్నాడు. ఒకాయన కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాడు. ఇంకొకాయన కరువు మీద రెండు పుస్తకాలు రాశాడు. కరువులో తాను ఎన్ని పూటలు పస్తులున్నాడో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఈ వివరాలు తెచ్చి ఇచ్చింది సభ కార్యదర్శి దేవేంద్రప్ప. ఆదోని వైపు మనిషి, వకీలు, జరీ తలపాగా. ఎనిమిది మంది వివరాల కింద ఆయన రాసిన చివరి వరుస 'మరియు ఇతరులు'.

"ఇతరులంటే ఎవరు సార్?" అని అడిగాను.

"ఎవురైతే నీకేమప్పా? దుడ్లు ఇచ్చేది నేను. వేయి," అన్నాడు.

వేశాను. ప్రూఫు చూసి ఆయన సంతకం పెట్టి పోయాడు. మర్నాడు పొద్దున ఆ ఇతరులు వచ్చి మా ప్రెస్సు గుమ్మంలో నిలబడింది.

నలభై దాటిన ఆడమనిషి. మోకాళ్ళ దాకా దుమ్ము. ఓర్వకల్లు అవతల పల్లె నుంచి నడిచి వచ్చిందట.

"సాయిబూ, డోన్ సభ పుస్తకం అచ్చేసేది ఈడేనా? జీవమ్మ అని నా పేరు యాడ ఉండాదో చూపీ," అంది.

పుస్తకమంతా నేనే పేర్చాను, అలాంటి పేరు లేదని నాకు తెలుసు. అయినా ఆమె ముఖం చూసి ఒకసారి వెతికినట్టు నటించి, లేదన్నాను.

"పుస్తకంలో పేరు లేకుంటే మాట్లాడనియ్యరంట గదా?"

నిజమే. అధ్యక్షుడు పుస్తకంలో ఉన్న పేర్లే పిలుస్తాడని మొదటి పేజీలోనే ఉంది. "నువ్వేం మాట్లాడాలమ్మా అక్కడ?" అన్నాను. ఆ మాటలో కొంచెం ఎగతాళి ఉందని ఒప్పుకుంటాను. అప్పటికి నేనూ చుక్కల మనిషినే.

"మా జొన్నలు ఎత్తుకపోతామంటాండారు. ఆ మాటే మాట్లాడాల," అంది.

అప్పుడు గుర్తొచ్చింది. పుస్తకం ఆఖరి పేజీలో ఒక తీర్మానం ఉంది. ఓర్వకల్లు వైపు ధాన్యపు సంఘానికి చదువుకున్న కార్యదర్శి లేడు గనుక దాని నిల్వలను డోన్ గిడ్డంగికి తరలించాలని దాని సారాంశం. నా చేతులతోనే పేర్చాను. అక్షరాలు చూశాను గానీ అందులో జొన్నలున్నాయని చూడలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

ఆమెను కూర్చోమన్నాను, మంచినీళ్ళిచ్చాను. ఆ పూట ఆమె చెప్పిందంతా విన్నాను.

తెలియని వాళ్ళకు ముందు పాతర సంగతి చెప్పాలి. మా సీమలో నేలలో లోతుగా గుంత తవ్వి, లోపల చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, మూతికి బండ వేసి మన్ను కప్పుతారు. అదే పాతర. అందులో జొన్న ఏళ్ళ తరబడి చెడదు. కానీ మూసిపెట్టిన పాతరలో గాలి విషమవుతుంది. బండ తీసి ఆరబెట్టి, తాడుకు కట్టిన దీపాన్ని లోపలికి దింపి చూడాలి. దీపం నిలిస్తే మనిషి దిగవచ్చు. ఆరితే మనిషీ ఆరిపోతాడు.

జీవమ్మ మొగుడు ఏసన్న అలాగే పోయాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. ఊరి రెడ్డి ఇంటి ముందు వ్యాపారి బండ్లు కాచుకొని ఉన్నాయి. దీపం దింపుతామంటే, "దీపం గీపం ఏందిరా, బండ్లు ఎంతసేపు నిలబడల్ల? దిగు," అన్నాడు రెడ్డి. ఏసన్న దిగాడు. మళ్ళీ తాడు లాగితే తాడే వచ్చింది. రెడ్డి ఆ పాతర జొన్నల్లోనే ఒక మూట కట్టి జీవమ్మ ఇంటికి పంపాడు. ఆమె ఆ మూటను తీసుకుపోయి రెడ్డి వాకిట్లో కుమ్మరించి వచ్చింది. కడుపులో బిడ్డ, ఇంట్లో పిడికెడు గింజల్లేవు. అయినా కుమ్మరించింది.

మరుసటి ఏడు రెడ్డి మళ్ళీ పాతర తీయించే రోజున ఆమె ఒక ముంత, ఆముదం, వత్తి, తాడు పట్టుకొని వెళ్ళి పాతర మూతి దగ్గర నిలబడింది. దీపం నిలిచేదాకా ఎవరూ దిగరని చెప్పింది. రెడ్డి తిట్టాడు. నవ్వాడు. మళ్ళీ తిట్టాడు. కూలీలు మాత్రం ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక చేరారు. ఆ రోజు వ్యాపారి బండ్లు సాయంకాలం దాకా నిలబడ్డాయి.

అప్పటి నుంచి చుట్టుపక్కల పదకొండు ఊళ్ళలో ఎక్కడ పాతర తీసినా జీవమ్మ రావాల్సిందే. గాలి కదలడానికి ఎంతసేపు కంబళి విసరాలో, ముసురు పట్టిన రోజు ఎందుకు తీయకూడదో, ముంత మూతి ఎంత సన్నగా ఉంటే దీపం దానంతటదే ఆరి మోసం చేస్తుందో, ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాతరకు ఒక చాటెడు జొన్నలు కూలి.

ఆ కూలి తినేసి ఊరుకుంటే ఇంత కథ లేదు. వాళ్ళ క్రైస్తవ గుడిలో ఒక అలవాటు ఉంది. ఆడవాళ్ళు వంటకు తీసిన గింజల్లోంచి పూట పూటకూ ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. జీవమ్మ పాదిరి దగ్గరికి పోయి అందులో సగం తాముండే పేటకు వదలమని అడిగింది.

"దేవుని సొమ్ము అడుగుతాండావా?" అన్నాడట పాదిరి.

"దేవునికి ఆకలి ల్యా గదయ్యా. మాకుండాది," అందట.

పాదిరి మూడు వారాలు మాట్లాడలేదు, నాలుగో వారం ఒప్పుకున్నాడు. అలా పిడికెడు పిడికెడు, దానికి ఆమె కూలి గింజలు కూడా చేరి ఒక పాతర నిండింది, తర్వాత మూడు నిండాయి. శ్రావణంలో గింజ లేనప్పుడు అరవై ఇళ్ళవాళ్ళు అందులోంచి తీసుకుంటారు, పంట వచ్చాక పావు వంతు కలిపి పోస్తారు. ఆ పేటవాళ్ళు రెడ్డి వాకిట్లో చేయి చాచి పన్నెండేళ్ళయింది. ఎవరో మంచి ఆఫీసరు చూసి దాన్ని ధాన్యపు సంఘమని రిజిస్టరు చేయించాడు. అక్కడే దేవేంద్రప్ప వచ్చి పడ్డాడు.

కిందటేడు జిల్లా సంఘాల తరఫున తనిఖీకి వచ్చాడు. రైలుకు వేళవుతోంది. పాతర బండ తీయించి, అప్పటికప్పుడే తాను దిగి చూస్తానన్నాడు. ధైర్యస్థుడే, కాదనను. జీవమ్మ దీపం దింపింది, ఆరిపోయింది. మళ్ళీ దింపింది, ఆరింది. మూడోసారీ ఆరింది. రేపు పొద్దున దాకా ఆగమంది. ఆయన ఆగడట. పక్కకు జరగమని గదిమాడు. ఆమె పాతర మూతి మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఆయన తిట్టుకుంటూ రైలుకు పోయి, తనిఖీకి అడ్డుపడ్డారని, నిల్వలు చూపలేదని రిపోర్టు రాశాడు. దీపం మాట అందులో లేదు.

"రిపోర్టు మా ఊరి మునసబు చదివి చెప్పినాడు. జొన్నలు డోనుకు పోతే శ్రావణంలో మేము యాడికి పోవల్ల సాయిబూ? మళ్ళా రెడ్డి వాకిట్లోకే గదా," అంది జీవమ్మ.

ప్రూఫు మీద దేవేంద్రప్ప సంతకం ఎండి ఒక రోజైంది. నేను లేచి వెళ్ళి 'మరియు ఇతరులు' తీసి పెట్టెలో పడేశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకంటే గొప్ప కారణమేదీ లేదు.

"పేరు వేస్తానమ్మా. పక్కన ఏం వేయాలి? ఏసన్న భార్య అని వేద్దునా? మిషను సేవకురాలు అంటే మర్యాదగా ఉంటుంది," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నేను ఎవురికీ సేవకురాలు గాదు. పాతర తీస్తా. ఇరవై రెండేండ్లుగా తీస్తాండా. అదే ఎయ్యి," అంది.

'జీవమ్మ, పాతర తీసే పని, ఇరవై రెండేళ్ళు.' ఆ పేరు వెనక వేయడానికి అరువు చుక్కలు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

పుస్తకాల కట్టలతో నేనే రైలెక్కి డోన్ చేరాను. బడి ముందు పందిరి వేశారు. వేదిక మీద నిపుణులకు ఎనిమిది కుర్చీలు, మధ్యలో అధ్యక్షుడుగా రిటైరైన డిప్యూటీ కలెక్టరు, ఆ పక్కన దేవేంద్రప్ప. పందిరి చివర నేల మీద జీవమ్మ కూర్చుంది, పక్కన ముంత, తాడు. ఆమె వెనక ఓబన్న అనే ముసలాయన, ఇంకో ఇరవై మంది కూలీలు. ముందు రోజే నడిచి వచ్చారు.

దేవేంద్రప్ప పుస్తకం తెరిచి, నన్ను పందిరి గుంజ దగ్గరికి లాక్కుపోయాడు. "ఇది ఎవురు ఎయ్యమన్నారప్పా?"

"మీరే సార్. ఇతరులన్నారు గదా, ఆ ఇతరుల పేరు కనుక్కొని వేశాను."

"నీ అన్నంలో నువ్వే మన్ను పోసుకున్నావు," అన్నాడు. అందులో అబద్ధం లేదు.

పరిచయాలకే మధ్యాహ్నమైంది. ఒక్కొక్కరి చదువు, ఉద్యోగం, బిరుదు, ప్రయాణించిన దేశాలు. మాటలకంటే దండలు బరువు. అన్నీ అయ్యాక అధ్యక్షుడు పుస్తకం చూసి, కళ్ళద్దాలు సర్దుకొని, "జీవమ్మ, పాతర తీసే పని, ఇరవై రెండేళ్ళు," అని చదివాడు. వేదిక మీద ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమె ముంత, తాడు పట్టుకొని ముందుకు వచ్చి వాటిని నేల మీద పెట్టింది. దేవేంద్రప్ప కూర్చున్న చోటు నుంచే అడ్డు చెప్పాడు. ఈమె తనిఖీకి అడ్డుపడిన మనిషి, వేలిముద్ర తప్ప సంతకం రాదు, నిపుణుల సభలో మాట్లాడడానికి ఏం అర్హత ఉందన్నాడు.

"ఏమ్మా, తనిఖీకి అడ్డుపడ్డావా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"పడినా," అంది జీవమ్మ. "పాతర మూతి మింద కూర్చున్నా. మళ్ళా వస్తే మళ్ళా కూర్చుంటా."

పందిరిలో నవ్వులు లేచాయి. ఆ నవ్వులు ఆగాక మళ్ళీ అందుకుంది.

"అర్హత అడుగుతాండారు. చెప్తా సామీ. ఈ అయ్యోర్లకు చదువుకున్నారని రాసిచ్చినోళ్ళు శానామంది ఉండారు. నాకు కాయితం రాసిచ్చినోళ్ళు లేరు." వెనక్కి తిరిగింది. "నేను దీపం దింపినాక పాతరలోకి దిగినోళ్ళు ఈడ ఎవురెవురు ఉండారో, లేసి నిలబడండప్పా."

ముందు ఓబన్న లేచాడు, మోకాలు పట్టుకొని. తర్వాత ఇద్దరు. తర్వాత అందరూ. గోచీలు, చిరిగిన తలగుడ్డలు, ఇరవై ఒక్క మంది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు.

"వీళ్ళంతా దిగినారు, పైకొచ్చినారు. ఒక్కడే రాల్యా. మా ఏసన్న. ఆ పొద్దు పాతర కాడ నేను ల్యా," అంది. తర్వాత వేదిక వైపు తిరిగింది. "దేవేంద్రప్ప సామీ, నువ్వు గూడా లేయ్. నిన్ను దిగనియ్యల్యా కాబట్టే ఈ పొద్దు ఆ కుర్చీలో ఉండావు. నువ్వు గూడా నా లెక్కలో మనిషివే. దీపం ఎన్నిసార్లు ఆరిందో ఈళ్ళకు సెప్పు."

అధ్యక్షుడు రిపోర్టు తీసి పై నుంచి కింది దాకా చూశాడు. "ఇందులో దీపం సంగతి లేదే. ఏమండీ, దీపం దింపారా?"

వకీలు గదా, ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడనుకున్నాను. ఆయన ఇరవై ఒక్క మందినీ చూశాడు, ముంతను చూశాడు. చివరికి లేచి నిలబడ్డాడు.

"దింపింది. మూడుసార్లు ఆరింది," అన్నాడు.

అధ్యక్షుడు పెన్సిలు తీసి, ఆఖరి పేజీలో నేను పేర్చిన తీర్మానాన్ని అడ్డంగా కొట్టేశాడు. దేవేంద్రప్ప ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, కూర్చోవచ్చో లేదో తెలియనట్టు.

జీవమ్మ వంగి ముంత, తాడు తీసుకుంది.

"ఇంగ కూర్చో సామీ," అంది. "శ్రావణంలో రా. పాతర తీస్తాండాము. దీపం నిలిచినాక నిన్ను దింపుతా, గింజ గింజ లెక్క పెట్టుకుందువు."