ఓక్లహోమా నుంచి వచ్చిన కవరు

నా చిన్నప్పుడు, మేం న్యూజిలాండ్‌లో టౌరంగా అనే ఊళ్ళో ఉన్నప్పుడు, మా పక్కింట్లో ఒక అమెరికన్ ఆంటీ ఉండేది. కివీ పండ్ల తోటలున్న ఒకాయనను పెళ్ళి చేసుకుని ఓక్లహోమా నుంచి వచ్చింది. ఆమెది షానీ తెగ. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అమెరికాలో ఉన్న మనుషులు వాళ్ళు. తన పూర్వీకుల కోసం ఆమె పాత జనాభా లెక్కల చిట్టాలు, శ్మశానాల రికార్డులు తెప్పించుకుని, వంటింటి బల్ల మీద పరుచుకుని వెతికేది.

ఆమె మనవరాలు నా క్లాసే. స్కూల్లో వంశవృక్షం గీసి తెమ్మంటే ఆ పిల్ల ఏడు తరాల పేర్లు తెచ్చింది. టీచర్ దాన్ని గోడకు అంటించింది. నాది తాతయ్య దగ్గరే ఆగిపోయింది. ఆ గోడ పక్కన నడిచినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఆ పిల్ల జడలు, లంచ్ బాక్సు, చివరికి నవ్వు కూడా నాకు గిట్టకుండా పోయాయి.

ఆ రోజుల్లోనే ఆంటీకి రావాల్సిన కవరొకటి పొరపాటున మా లెటర్ బాక్సులో పడింది. పైన ఓక్లహోమా అని ఉంది. ఇది అందితే వాళ్ళకు ఇంకో తరం పెరుగుతుందనుకున్నాను. తీసుకెళ్ళి నా పరుపు కింద పెట్టాను.

మూడు రోజులు ఆంటీ గేటు దగ్గర పోస్ట్ కోసం నిలబడింది. నాలుగో రోజు నన్నే అడిగింది.

"మీ బాక్స్‌లో నాదేమైనా వచ్చిందా? మా అమ్మమ్మ వాళ్ళమ్మ సమాధి ఎక్కడుందో రాస్తామన్నారు."

లోపలికెళ్ళి కవరు తెచ్చిచ్చాను. కావాలనే దాచానని, గోడ మీది చార్ట్ చూసి దాచానని చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి కవరు విప్పింది. అదొక శ్మశానం జాబితా. అందులో ఆమె ముత్తవ్వ పేరు ఉంది, దాని కింద మూడు వరుసల్లో పేర్లు లేకుండా 'పసిబిడ్డ' అని మాత్రమే ఉంది. ఆమె వేలు ఆ మూడింటి మీద చాలాసేపు ఆగిపోయింది. తర్వాత జనాభా లెక్కల చిట్టాలు తీసింది. వాటిలో అదే ముత్తవ్వ పేరు ఒక ఏడు ఒకలా, మరో ఏడు ఇంకోలా రాసి ఉంది.

"మావాళ్ళను ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి తరిమారు. ఆ తర్వాత ఎంతమంది మిగిలారో రాసుకున్నారు. ఈ చిట్టాలు అవే. చెప్పే మనిషి లేక నేను కాగితాల్ని అడుగుతున్నాను. మీ గ్రాండ్‌మా ఉందా?"

"ఉంది. అనంతపురంలో."

"అయితే నిన్ను చూసి నేను కుళ్ళుకోవాలి" అంది. నవ్వుతూ అన్న మాట కాదది.

ఆ ఆదివారం నాన్న నాయనమ్మకు ఫోన్ కలిపిచ్చాడు. నా వచ్చీరాని తెలుగులో వాళ్ళమ్మ గురించి అడిగాను. ఇన్నేళ్ళలో ఆ మాట తనను ఎవరూ అడగలేదంది నాయనమ్మ. పేరు చెప్పింది.

"మహా కుళ్ళుమోతుది లేమ్మా. పక్కింటామె కొత్త చీర కడితే, ఆ పొద్దు మా అమ్మకు అన్నం దిగేది కాదు" అంది.

నాకు కుళ్ళు ఆ రోజుతో పోలేదు. కానీ పెద్దవాళ్ళెవరు కలిసినా వాళ్ళమ్మ పేరేమిటని అడగడం అలవాటైంది. పేరుతో ఆగను, ఆమెకు ఏం గిట్టేది కాదో కూడా అడుగుతాను. ఇప్పటికీ ఎవరినో చూసి కడుపు మండినప్పుడు ముందు సిగ్గేస్తుంది. ఆ వెంటనే, నేనెన్నడూ చూడని మా ముత్తవ్వ అన్నం కంచం పక్కకు నెట్టి గోడవైపు తిరిగి కూర్చోవడం కనిపిస్తుంది.