అత్త సగంలో ఆపిన గొర్రెపిల్ల కథ

స్వేచ్ఛ గురించి కథలు రాయాలనుంది, ఎట్లా మొదలుపెట్టాలవ్వా అని ఫోన్‌లో అడిగావు కదా. నేను పుస్తకాలు రాసినదాన్ని కాదు బంగారూ. రాసే పద్ధతి నాకు తెలియదు. చెప్పే పద్ధతి మాత్రం మా అత్త దగ్గర, అంటే మీ తాత వాళ్లమ్మ దగ్గర చూశాను.

తొంభైల్లో మేము పెనుకొండ దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. ఎండాకాలం మొదలైతే వీధి ఆడవాళ్లంతా మా వసారాలో కూర్చుని చింతపండు కొట్టి గింజ తీసేవాళ్లు. చేతులకు పని, చెవులకు అత్త కథ. ఆమె కథల్లో నీతి ఉండేది కాదు. సరిగ్గా చిక్కుముడి దగ్గర ఆపి, "ఇప్పుడేం జేయాల? నాకు తెలీదు, మీరే చెప్పండి" అనేది.

ఆ ఏడు పక్కింటామెకు ఒక కోరిక పుట్టింది. భర్త పోయినప్పటి నుంచి ఆమె చింతచెట్టు పండునంతా భర్త అన్న, అంటే బావగారే ఊళ్లో వ్యాపారికి వేసేవాడు. ఆయన చెడ్డవాడు కాదు, గొర్రెలు కాసుకునే మనిషి. "ఆడమనిషివి, మార్కెట్ యార్డులో ముంచుతారు" అనేవాడు. ఈసారి పండు తనే హిందూపురం యార్డుకు తీసుకుపోవాలని ఆమె పట్టు. ఆయన ఒప్పుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన నీళ్లు తాగడానికి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. అత్త అప్పుడే కథ ఎత్తుకుంది. ఒక ఊళ్లో గొర్రెలు కాసేవాడు ఒకడుండేవాడు. వాడు సంతలో మోసపోతాడని ఊరిపెద్ద వాడి గొర్రెపిల్లల్ని ఏటా తానే అమ్మిపెట్టేవాడు. ఒకరోజు వాడు గొర్రెపిల్లకు తాడు కట్టి తానే బయలుదేరాడు. పెద్దాయన దారికి అడ్డం నిలబడ్డాడు.

అత్త ఆపేసింది.

"ఏం జేసేదేముంది పెద్దమ్మా!" బావగారికి రోషం వచ్చింది. "వాని గొర్రె. ఎండలో తిరిగి కాసింది వాడు. యాడికన్నా తోలుకుపోతాడు. అడ్డం పడేకి ఆయప్ప ఎవరంట?"

"మోసపోతేనో?" అన్నాను నేను.

"పోనీలేమ్మా. ఒకతూరి పోతే రెండోతూరి తెలుస్తాది. నేను అట్లే నేర్చుకోలేదా?"

పక్కింటామె తల ఎత్తకుండానే, "బావా, రేపు నేను హిందూపురం పోతాండా" అంది.

ఆయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "ముసల్దానా, నన్ను బాగా ఇరికిస్తివే!"

"నేనేం జేస్తినబ్బా? కథ ముగించింది నువ్వు కదా."

"పో, పో" అన్నాడు మరదలితో. "మూట మాత్రం నేను బస్సెక్కియ్యను."

అత్త నోట స్వేచ్ఛ అనే మాట నేనెప్పుడూ వినలేదు. ఎవరికీ బుద్ధి చెప్పలేదు. వినేవాడికీ బుద్ధి ఉంటుందని నమ్మింది, అంతే. ఆ నమ్మకం చూసే నాకు ఆమె అంటే అంత గౌరవం.

మర్నాడు నేనూ తోడు వెళ్లాను. మూట మేమే ఎక్కించాం. యార్డులో మొదటి అంగడాయన ఒక చింతపండు ముద్ద నొక్కి చూసి, రేటు తగ్గించి చెప్పి నవ్వాడు. "మళ్లీ మోసుకోని పోతారేనమ్మా?"

ఆమె మారుమాట లేకుండా గోతాం మూతి కట్టేసింది. పక్క అంగట్లో దించాం. అక్కడాయన పండు చూసి నోరు తెరవబోయాడు.

"ఉండన్నా" అంది ఆమె. "నా పండు. రేటు ముందు నేను చెప్తా."