దొరికిందని అన్నాను

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే ఈ ధైర్యం. చదువుతూ మధ్యలో లేచి వెళ్ళకండి. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

శేరిలింగంపల్లిలో నాకొక రేకుల షెడ్డు ఉంది. కార్లకు కరెంటు పని చేస్తాను. క్యాబ్ డ్రైవర్లు నన్ను ‘లైట్ల ఉస్తాద్’ అంటారు. డాష్‌బోర్డు మీద ఏ లైటు వెలిగినా నా చెయ్యి పడితే ఆరిపోతుందని పేరు. ఆ పేరే నా కొంప ముంచింది. కాదు, నా కొంపకేం కాలేదు. మునిగింది ఇంకొకరిది. చూశారా, ఒప్పుకుందామని కూర్చుని కూడా నన్నే బాధితుణ్ణి చేసుకుంటున్నాను.

యాదగిరిది నల్లగొండ వైపు. బోరబండలో ఉండేవాడు. సొంత కారు. పగలు తను, సాయంత్రం నుంచి తమ్ముడు మల్లేశ్, ఐటీ ఆఫీసుల వాళ్ళను దింపేవారు. రెండు కుటుంబాలకూ ఆ ఒక్క బండే ఆధారం.

ఒకరోజు ఇంజన్ లైటు వెలుగుతోందని తెచ్చాడు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి గుంజడం లేదన్నాడు. స్కానర్ పెడితే నాక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం అని చూపించింది. ఇది కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన పాపం మీకు అర్థం కాదు. పెట్రోలు వేళ తప్పి మండితే ఇంజన్ లోపల టకటకమని దెబ్బలు పడతాయి. ఇంజన్‌కు బిగించిన చిన్న సెన్సర్ ఆ చప్పుడు విని, తీగ ద్వారా కారులోని కంప్యూటర్‌కు కబురు పంపుతుంది. కంప్యూటర్ మంట వేళను సర్ది దెబ్బలు ఆపుతుంది. అంటే అది ఇంజన్‌కు చెవి. చెవి నుంచి కబురు తెగిపోతే కంప్యూటర్ లైటు వెలిగించి, ఇంజన్ బలం తగ్గించి, జాగ్రత్తగా నడిపిస్తుంది. లైటు వెలిగినన్నాళ్ళూ బండి నీరసంగా పోతుంది కానీ బతికే ఉంటుంది.

కొత్త సెన్సర్ వేశాను. లైటు ఆరింది. రెండు రోజులకు మళ్ళీ వెలిగింది. అయితే తప్పు తీగలో ఉందన్నమాట. మీటరు పెట్టాను. బీప్ వస్తోంది. తీగల కట్టను కదిలిస్తే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వస్తోంది. లోపల ఎక్కడో తెగీ తెగనట్టుంది. పైపైన అందినంత మేరా పొద్దుటి నుంచి వెతికాను. దొరకలేదు. ఇంజన్ పైభాగం విప్పి, కట్టకు చుట్టిన టేపంతా ఊడదీసి, జానెడు జానెడుగా చూడాలి. దానికి ఇంకో రోజు కావాలి, రెండు రోజులైనా పట్టొచ్చు. మర్నాడే కంపెనీ వాళ్ళ బండ్ల చెకింగ్. ఇంజన్ లైటు వెలుగుతుంటే గేటు లోపలికి రానివ్వరు.

యాదగిరి నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. పక్కన మరో ఇద్దరు డ్రైవర్లు. “ఫికర్ చెయ్యకుండ్రి, ఉస్తాద్ చెయ్యి పడ్డది” అని వాళ్ళతో అంటున్నాడు. నాకు దొరకలేదని చెప్పి, పక్క వీధి మెకానిక్ దగ్గరికి పంపి ఉంటే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. కానీ ఆ ముగ్గురి ముందు నోరు పెగల్లేదు.

డాష్‌బోర్డు కింద, కంప్యూటర్ ప్లగ్గు దగ్గర సెన్సర్ తీగ కోసి, ఆ స్థానంలో కందిగింజంత రెసిస్టర్ ఒకటి కలిపి, నల్ల టేపు చుట్టేశాను. చెవి ఉన్నట్టే కంప్యూటర్‌ను నమ్మించడానికి అది చాలు. ఇక అది ఏ చప్పుడూ వినదు. వినపడటం లేదు కనుక అంతా బాగుందనుకుని బండిని పూర్తి బలంతో పరిగెత్తిస్తుంది. నాకు తెలుసు. తెలిసే చేశాను.

లైటు ఆరింది.

“దొరికిందా ఉస్తాద్?” అన్నాడు యాదగిరి.

“దొరికింది” అన్నాను.

ఆదివారం పిలిచి సరిగ్గా చేద్దాం అనుకున్నాను. ఎన్ని ఆదివారాలు పోయాయో! ఒకసారి మల్లేశ్ ఫోన్ చేశాడు. ఎత్తు ఎక్కుతుంటే టకటక అంటోంది, జర చూస్తవా అని. “పెట్రోలు మంచిగ లేదేమో, బంకు మార్చు తమ్మీ” అని పెట్టేశాను. అప్పుడైనా చెప్పి ఉంటే ఇంజన్ దక్కేది.

నాలుగో నెలలో పిస్టన్ పగిలింది. అప్పుడు బండి నడుపుతున్నది మల్లేశే.

ఇంజన్ విప్పిన మిస్త్రీ పిస్టన్ చూసి, గేరు తగ్గించకుండా టాప్ గేరులోనే ఎత్తులు ఎక్కించినట్టుందన్నాడు. యాదగిరి నన్ను పిలిపించాడు. నేను వెళ్ళీ వెళ్ళగానే వైరింగ్ చూస్తానని ముందు సీట్లో దూరి, ఆ రెసిస్టర్ పీకి జేబులో వేసుకున్నాను, తీగ మామూలుగా కలిపేశాను. మిగతాదంతా భయంతో చేశాను అనుకున్నా, ఇది మాత్రం దొంగ పని.

“ఉస్తాద్, నువ్వు చెప్పు. మావోడే చేసిండా?” అని అడిగాడు యాదగిరి.

“టాప్ గేర్ల గుంజితే గిట్లనే అయితది” అన్నాను.

“నేను గట్ల నడపలే” అన్నాడు మల్లేశ్. నా వైపు తిరిగాడు. “చప్పుడొస్తుందని నీకు ఫోన్ చేసిన గద ఉస్తాద్. చెప్పరాదు.”

“చేసినవ్. పెట్రోలు మార్చుమన్న.”

ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అన్నీ కలిస్తే ఎంత పెద్ద అబద్ధమో నాకూ ఆ రెసిస్టర్‌కూ మాత్రమే తెలుసు. యాదగిరి అందరి ముందూ తమ్ముడి చెంప పగలగొట్టాడు. మల్లేశ్ మళ్ళీ స్టీరింగ్ పట్టలేదు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం ఆ రోజుతో ఆగిపోయింది.

కారు అమ్ముకుని, ఇప్పుడు యాదగిరి వేరొకరి బండి నడుపుతున్నాడు. మల్లేశ్ హైటెక్ సిటీలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. ఆ ఆఫీసులో ఏ కారు స్టార్ట్ కాకపోయినా నాకే ఫోను వస్తుంది. వెళితే అతనే నా బండి నంబరు రాసుకుని గేటు కర్ర ఎత్తుతాడు. “నమస్తే ఉస్తాద్” అంటాడు, నా ముఖం కేసి చూస్తూ ఉంటాడు, అంతే. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. తిట్టినా బాగుండును. అతనికి అనుమానం ఉందా? ఉంటే ఎందుకు అడగడు? లేకపోతే అంత సేపు ఎందుకు చూస్తాడు? ఆ ఆఫీసు పని మానేద్దామంటే ఎందుకు మానేశావని అడుగుతారు. షెడ్డు ఎత్తేద్దామంటే ఇంట్లో ఏం చెప్పను?

మొన్న దసరాకు యాదగిరి వచ్చాడు. ఏటా వస్తాడు. బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ నా చేతికే ఇస్తాడు. బండి ముందు నేనే కొట్టాలి. నా చెయ్యి మంచిదట! కాయ చేతిలో పెడుతూ అన్నాడు: “మల్లేశ్‌కు బిడ్డ పుట్టింది ఉస్తాద్. తొట్టెల పండుగకు మనిషితోటి పిలుపు పంపిండు. నేను పోలే. నా మీద ఒట్టు, ఒక్కపారి తప్పయిందంటే చాలు, ఉరికి పోయి ఆ పిల్లను ఎత్తుకుంటుంటి. తప్పు చేసినోడు ఒప్పుకోవాలె గద?”

“ఒప్పుకోవాలె” అన్నాను. కాయ కొట్టాను. సరిగ్గా రెండు చిప్పలయింది. యాదగిరి సంబరపడ్డాడు.

ఆ సాయంత్రమే ఇది రాయడం మొదలుపెట్టాను. రెసిస్టర్ ఇప్పటికీ నా స్క్రూల డబ్బాలో ఉంది. యాదగిరికి చెప్పానా? లేదు. చెబుతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు. ఆ రోజు స్టూలు మీద కూర్చుని అతను అడిగినదానికి కనీసం ఇక్కడైనా జవాబు చెబుతాను. ఆరేళ్ళ తర్వాత ఊపిరి కాస్త లోపలిదాకా వెళుతోంది.

దొరకలే యాదగిరీ. నాకు చాతకాలే. మీ తమ్ముడు బండి మంచిగనే నడిపిండు.