బేసిన్‌లో కలిపిన అన్నం

కాలేజీలో నేను చెప్పే పాఠం ఇది: తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక వచ్చిన కుటుంబ నవలల్లో అన్నం ఒట్టి అన్నం కాదు. పచ్చడి జాడీ అంటే పోగొట్టుకున్న ఊరు. వంటిల్లు అంటే అధికారం. ఆఖర్న తినేవాళ్ళు ఆ ఇంట్లో ఇంకా పరాయి పాలనలోనే ఉన్నట్టు. రాజమండ్రిలో ఈ ముక్క చెప్పే ఇన్నేళ్ళూ జీతం తీసుకుంటున్నాను.

ఈ వేసవిలో మాత్రం ప్రతీక అనే మాట వింటేనే ఒళ్ళు మండింది. అమ్మకు పక్షవాతం వచ్చింది. నిడదవోలులో తమ్ముడింట్లో, ముక్కులో గొట్టంతో మంచం మీద ఉంది. మాట, కుడిచెయ్యి మిగిలాయి గానీ మింగడం పోయింది. మెతుకు నోట్లో పెట్టినా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం మీదికి వస్తుందన్నాడు డాక్టరు. గొట్టంలో జావ పోస్తున్నాం. ఆ జావ దేనికి ప్రతీకో చెప్పమంటే నేను ఫెయిలే.

అయినా ఆవకాయ ఆగలేదు. మరదలు కలిపి జాడీకెత్తింది. మా ఇంట్లో ఆవకాయ కలిపిన బేసిన్‌ను వెంటనే కడగరు. అడుగున అంటుకున్న పిండిలో వేడన్నం, నెయ్యి వేసి అమ్మ కలుపుతుంది. అందరి చేతుల్లో తలా ఒక ముద్ద పెట్టి, ఆఖరి ముద్ద తను తింటుంది.

“అత్తయ్యగారి చేతే కలిపిద్దామండి వదినగారూ, సంతోషిస్తారు,” అంది మరదలు.

నాకూ మంచి ఆలోచనే అనిపించింది. అమ్మను కూర్చోబెట్టి, బేసిన్ ముందు పెట్టాం. నెమ్మదిగా కలిపి తమ్ముడికీ, మరదలికీ, నాకూ ముద్దలు పెట్టింది. మిగిలిన అన్నం చిన్న ముద్ద చేసి తన నోటి దగ్గరకు తీసుకెళ్ళింది.

నా ముద్ద పక్కనున్న పళ్ళెంలో పడేసి చటుక్కున అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

“మింగనే. నాలిక్కి రాసుకుంటానంతే.”

“వద్దమ్మా, చచ్చిపోతావ్.”

“పోనీవే.”

నాకు కోపం, భయం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. చెయ్యి మాత్రం వదల్లేదు. తడిగుడ్డతో ఒక్కో వేలూ తుడిచాను, గోళ్ళ సందుల్లో ఎరుపు కూడా పోయేదాకా. అమ్మ పెనుగులాడలేదు.

“ఉప్పు సరిపోయిందో లేదో నువ్వన్నా చెప్పు,” అంది.

పళ్ళెంలో ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. బాగా కుదిరింది. నేను నములుతున్నంతసేపూ అమ్మ నా నోటి వంకే చూసింది. మింగేటప్పుడు నా గొంతు వంక చూసింది.

“సరిపోయిందమ్మా,” అన్నాను.