శారదగారి గిన్నెల మిషన్

పొద్దున్నే వంటగదిలోకి అడుగు పెట్టగానే గుప్పున నీచు కంపు కొట్టింది. రాత్రి కొరమీను పులుసు తిన్న కంచాలన్నీ మిషన్‌లో సర్ది, బటన్ నొక్కి పడుకున్నాను. తలుపు తీసి చూద్దును కదా, అడుగున మురికినీళ్ళు అలాగే నిలిచి, పైన నూనె తేలుతోంది. మా ఆయన అప్పుడే ఫోన్ అందుకుని, "మెకానిక్‌ని పిలుస్తానుండు" అన్నారు. "ముందు నేను చూస్తాను, మీరు కూర్చోండి" అన్నాను. ఏలూరులో ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ మిషన్లన్నీ నేనే విప్పుతాను, అది ఆయనకీ తెలుసు. చెంబుతో ఆ నీళ్ళు తోడుతుంటే శారదగారు గుర్తొచ్చారు. ఇలాంటి కంపుకి ఒక మనిషి గుర్తు రావడం మర్యాద కాదేమో గాని, వింటే ఆవిడ పకపకా నవ్వి ఉండేవారు.

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో, తాడేపల్లిగూడెంలో వాళ్ళ మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. శారదగారు హైస్కూల్లో సోషల్ టీచర్. ఆవిడ భర్త శాస్త్రిగారు పౌరోహిత్యం చేసేవారు. మెత్తటి మనిషి, ఎవరికీ కాదని చెప్పలేరు. ఆయన తల్లిని వీధి వీధంతా మామ్మగారనేవాళ్ళు. ఆ ఇంట్లో మాటంటే ఆవిడదే. నేను ఆకివీడు దాన్నని, మా వాళ్ళకి చేపల చెరువులున్నాయని విని, "మేడమీద నువ్వేం తిన్నా నా ముక్కుదాకా రాకూడదు తల్లీ" అని చెప్పి మరీ తాళంచెవి చేతిలో పెట్టారు. ఆవిడంటే నాకు భయం. శారదగారికి మాత్రం భయం లేదు. గౌరవం ఉండేది, భయం లేదు. ఈ రెండూ వేరువేరుగా ఉండొచ్చని నేను మొదట చూసింది ఆ ఇంట్లోనే.

ఆ ఇంట్లో గిన్నెలకి అంతుండేది కాదు. మడివంట గిన్నెలు, దేవుడి సామాను, వచ్చేపోయేవాళ్ళ కంచాలు. పనిమనిషి తోమితే మామ్మగారికి పనికిరాదు కాబట్టి, బడికి వెళ్ళేముందూ వచ్చాకా శారదగారే తోమాలి. సబ్బునీళ్ళకి ఆవిడ వేళ్ళసందులు పగిలి నెత్తురు కారేది. సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు, అయ్యో అన్నారు, కంచాలు మాత్రం యథాప్రకారం సింకులో పడేసి వెళ్ళారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చివరికి శారదగారు ఎవరినీ అడక్కుండా తన జీతంతో డిష్‌వాషర్ కొనేశారు.

ఇంకేముంది, ఇల్లు ఇల్లంతా అట్టుడికిపోయింది. "ఎంగిలి కంచాలూ మడి గిన్నెలూ ఒకే పెట్టెలో తిప్పుతావుటే? మైల కాదూ?" అన్నారు మామ్మగారు.

"వేరువేరుగానే తిప్పుతానండీ అత్తయ్యగారూ. అయినా ఇన్నేళ్ళూ రెండూ తోమింది ఈ చేతులే కదండీ. చేతులకి లేని మైల పెట్టెకెక్కడిదండీ?" అన్నారు శారదగారు, పెరుగు వడ్డిస్తూ.

ఆ దసరా అయిన వెంటనే మిషన్ మొండికేసింది. నీళ్ళు పట్టుకుంటోంది, వదలడం లేదు. దేవుడికే ఇష్టం లేదని మామ్మగారు తేల్చేశారు. శాస్త్రిగారు నసుగుతూ, "పోనీలే శారదా, అత్తిలిలో మన వాళ్ళ హోటల్‌కి ఇచ్చేద్దాం. బాగు చేయించుకుంటారట. సాయంత్రం ఆటో పంపిస్తామన్నారు" అన్నారు. అంటే సాయంత్రానికి మిషన్ నడవకపోతే, ఆ పగిలిన చేతులు మళ్ళీ సబ్బునీళ్ళలోకి వెళ్ళాలి. అది ఆదివారం, మెకానిక్ దొరకలేదు. మెట్ల కిందనుంచి శారదగారి కేక వినిపించింది. "అమ్మాయ్, ఒకసారి కిందకి రా. టార్చ్ లైటు పట్టుకుందువుగాని."

స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఆవిడ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నీళ్ళు తోడేసి, అడుగున జల్లెడలాంటి ఫిల్టర్ తిప్పి బయటికి లాగారు. కరివేపాకు, మునక్కాడ పీచు. కడిగి పెట్టి నడిపితే నీళ్ళు కదల్లేదు. మిషన్‌ని ముందుకి జరిపి, వెనక గొట్టం గోడకి నొక్కుకుపోయిందేమోనని చూశాం. అది తిన్నగానే ఉంది. "పైనా లేదు, వెనకా లేదు. మరి మధ్యలోనే ఉండాలి కదే" అని మళ్ళీ ప్లగ్ తీసి, ఫిల్టర్ కింద గుంటలో ఉన్న చిన్న మూత ఊడదీశారు. లోపల నీళ్ళని బయటికి నెట్టే చిన్న రెక్కల చక్రం ఉంటుంది. ఆవిడ చేతికి తొడుగు వేసుకుని వేలు పెట్టి గీరితే పసుపుపచ్చటి ముద్ద వచ్చింది. నానిన బియ్యం.

గుమ్మంలో నిలబడ్డ శాస్త్రిగారి మొహం చూడాలి! ఆయుధపూజ నాడు మిక్సీకీ స్కూటర్‌కీ బొట్లు పెట్టి, మిషన్‌కి పెట్టకపోతే భార్య నొచ్చుకుంటుందని, ఫిల్టర్ కడగడానికి తీసి ఉందని చూసుకోకుండా, తలుపు తెరిచి మరీ దోసెడు అక్షింతలు లోపల చల్లింది ఆయనే.

"మంచి మనసుతోనే వేశానే" అన్నారు.

"తెలుసండీ. మీ ఆశీర్వచనమే అడ్డుపడింది" అన్నారు శారదగారు. మూత బిగించి బటన్ నొక్కితే, నీళ్ళు గడగడా కాలవలోకి పోయాయి. నేను చప్పట్లు కొట్టేశాను.

అప్పుడే వీధిలో ఆటో హారన్ మోగింది. మామ్మగారు పడక్కుర్చీలోంచి కదలకుండానే, "నీళ్ళు పోతే మైల పోతుందిటే? ఎక్కించేయండి" అన్నారు. గొడవ నీళ్ళ గురించి కానే కాదని అప్పుడు అర్థమైంది నాకు.

శారదగారు చేతులు తుడుచుకుని మిషన్‌కి ఆనుకుని నిలబడ్డారు. గొంతు పెంచలేదు. "అలాగే ఎక్కించండి. కానీ ఇది గడప దాటాక నేను మళ్ళీ ఆ సింకు దగ్గరికి వెళ్ళను. రేపట్నుంచి గిన్నెలు ఎవరు తోముతారో ఇప్పుడే చెప్పండి" అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. శాస్త్రిగారు నేలకేసి చూశారు, మామ్మగారు కిటికీకేసి చూశారు. బయట హారన్ మళ్ళీ మోగింది. ఆ నిశ్శబ్దం నాకు భరించరానిదైపోయి, 'పోనీ నేను తోముతాలెండి' అనబోయాను. నోరు తెరిచాను కూడా. శారదగారు నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కారు. ఆ చెయ్యి ఎంత గరుకుగా ఉందో!

చివరికి శాస్త్రిగారే వీధిలోకి వెళ్ళారు. "ఇవాళ్టికి వెళ్ళు బాబూ" అని, ఒక్క క్షణం ఆగి, "ఇంక రానక్కర్లేదు" అన్నారు.

మామ్మగారేం లొంగలేదండోయ్. ఆ మిషన్ కడిగిన కంచంలో ఆవిడ పోయేదాకా అన్నం తినలేదు. శారదగారు రోజూ పెరట్లో అరిటాకు కోసి తెచ్చి, కడిగి, వేడివేడిగా వడ్డించేవారు. ఒక్కనాడూ మొహం చిట్లించలేదు, ఒక్కనాడూ మిషన్ ఆపలేదు.

ఆటో వెళ్ళిపోయిన ఆ సాయంత్రం మెట్లమీద కూర్చుని శారదగారు నాతో అన్నారు. "ఎవరూ నోరు విప్పనప్పుడు మనకి ఊపిరాడనట్టుంటుందమ్మా. అందుకని మనమే, నేను చేస్తాలెండి అనేస్తాం. వాళ్ళు ఎదురుచూసేదే అది. అడగడం అందరికీ వచ్చు. అడిగాక ఊరుకోవడం నేర్చుకో."

తర్వాత మా ఉంగుటూరు ఆఫీసులో మీటింగైతే టీలు అందించే పని ఆడవాళ్ళదే అన్నట్టు అందరూ నావైపు చూసినప్పుడు, ఎవరు తెస్తారని అడిగి ఊరుకున్నాను. ఆ రోజు ఎవరూ టీ తాగలేదు. పొగరుబోతునన్నారు. అననీ! శారదగారు పోయినా ఆ నొక్కు ఇంకా నా మణికట్టు మీదే ఉంది.

ఇవాళ మా ఫిల్టర్ శుభ్రంగానే ఉంది, గొట్టం తిన్నగానే ఉంది, రెక్కలకీ ఏమీ చుట్టుకోలేదు. మోటారే పోయింది. ఫోన్ చేస్తే, కొత్తది రావడానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు కంపెనీవాళ్ళు. "పోనీ అందాకా చేత్తో కానిచ్చేద్దాంలే" అన్నారు మా ఆయన, ఆ 'ద్దాం'లో తను లేనట్టే పేపరు మడుస్తూ.

"ఎవరి చేత్తోనండీ?" అన్నాను.

ఆయన పలకలేదు. సింకులో నీచు కంచాలు, చేపల మూకుడు. 'నేనే తోముతాలెండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఊరుకున్నాను. చాలాసేపటికి ఆయన లేచి, లుంగీ పైకి కట్టుకుని, "పీచు ఎక్కడుంటుంది?" అని అడిగారు.